మూడు గుంటలు, మూడు దుంగలు

పిల్లలూ, కథకు ముందు ఒక ప్రశ్న. మీ ఇంటి వెనక గడ్డివాము ఉంది. దాని పక్కనే పొరుగువాడు నిప్పు దాస్తున్నాడని మీకు తెలిసింది. మీరేం చేస్తారు? మంచి మాటలు చెబుతారా? వాడి ఇంటికి నీళ్ళు ఆపేస్తారా? దుడ్డుకర్ర పట్టుకుని వాడి గుమ్మం ముందు నిలబడతారా?

మాటలు చాలనేవాళ్ళు చెయ్యెత్తండి. నీళ్ళాపాలనేవాళ్ళు ఎత్తండి. కర్రే మందు అనేవాళ్ళూ ఎత్తండి. అందరూ ఎత్తారుగా? దించకండి. కథ అయ్యేదాకా అలాగే ఉంచండి. చెయ్యి లాగుతుంది. లాగనివ్వండి.

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం వస్తే ఆకు మీద అడుగేసినా అప్పడం విరిగినట్టు చప్పుడయ్యే అడవిలో, పెంకమ్మ అనే అలుగు ఉండేది. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు. పొడుగు ముక్కు. చీమల పుట్టలు తవ్వుకుని బతికేది. భయమేస్తే తల కడుపులో దూర్చి బంతిలా ముడుచుకునేది. అలుగు జాతికి దేవుడిచ్చిన విద్య అదొక్కటే.

ఆ అడవిలో ఒకప్పుడు పిడుగు పడి సగం చెట్లు కాలిపోయాయి. మిగిలిన కణికల్ని పులులు తమ గుహలోకి చేర్చి బూడిద కింద దాచుకున్నాయి. నిప్పున్నవాడంటే అందరికీ భయం. ఆ భయం పులులకు బాగా రుచించింది.

తరువాత జంతువులన్నీ నల్లబండ దగ్గర కూర్చుని మూడు మాటలు అనుకున్నాయి. ఒకటి, పులుల గుహలో తప్ప ఇంకెక్కడా నిప్పు ఉండకూడదు. రెండు, పులులు కూడా ఏటా కొంత నిప్పు ఆర్పుకుంటూ పోవాలి. మూడు, చలికి పిల్లల్ని కాచుకోవడానికి వెచ్చని బూడిద మాత్రం ఎవరైనా ఉంచుకోవచ్చు.

మొదటి మాటా మూడో మాటా అందరికీ గుర్తున్నాయి. రెండో మాట పులులు మరిచిపోయాయి. గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బూడిదకీ నిప్పుకీ తేడా చూసే పని పెంకమ్మది. పొలుసులకు సెగ తగలదు, ముక్కుకు పొగ దాగదు. అందుకని ప్రతి పున్నమికీ ఎండిన తునికాకు ఒకటి పొలుసుల మధ్య దోపుకుని బయల్దేరేది. ఆ ఆకును బూడిద మీద పెట్టి పది ఊపిర్లు పీల్చేది. ఆకు ముడుచుకుంటే అది వెచ్చదనం. అంటుకుంటే నిప్పు. అడవిలో ఆ ఆకు పరీక్షకు తిరుగులేదు.

పుష్యమాసం పున్నమికి పెంకమ్మ పందుల గుట్టకు వెళ్ళింది. అడవిపందుల పెద్ద కోరయ్య ఎదురొచ్చాడు.

"రావమ్మా, రా. పరీక్ష పెట్టే పంతులమ్మ వచ్చింది. ఆకు తెచ్చావా, దారిలో నమిలేశావా?"

"తెచ్చాను. గుంట చూపించు," అంది పెంకమ్మ.

గుంటలో బూడిద మీద ఆకు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో ఊపిరికి ఆకు భగ్గుమంది.

పెంకమ్మ మండిన ఆకును నేలకేసి నలిపింది. "కోరయ్యా, ఇది పిల్లల చలికోసం కాదు," అంది.

"కాదులే. చూసేశావు, ఇక దాచి లాభమేముంది."

"కొరివితో తల గోక్కుంటావా?"

"నక్కల గుట్ట గుర్తుందా అక్కా? వాళ్ళకూ ఒక గుంట ఉండేది. పులి దొర వచ్చి ఆర్పేయండి, మీ జోలికి రామన్నాడు. నక్కలు ఆర్పేశాయి. ఆరు నెలలు తిరక్కుండా ఆ గుట్ట ఎవరి పాలయింది?"

పెంకమ్మకు తెలుసు. ఆ గుట్ట మీద ఇప్పుడు పులులు ఎండ కాచుకుంటున్నాయి.

"ఇంకో మాట అడుగుతా," అన్నాడు కోరయ్య. "పులుల గుహలో ఎప్పుడైనా ఆకు పెట్టావా?"

"లేదు."

"ఎందుకు?"

"రానివ్వరు."

"మరి నా గుంటలోకి ఎందుకొచ్చావు?"

"నువ్వు రానిచ్చావు గనక."

కోరయ్య పగలబడి నవ్వాడు. పెంకమ్మ నవ్వలేదు.

"నీ ప్రశ్న న్యాయమే కోరయ్యా. కానీ గాలికి న్యాయం తెలియదు. రోహిణి కార్తెలో గాలి లేచిందంటే, ఇది పంది నిప్పా పులి నిప్పా అని అడగదు. అందర్నీ ఒకే పొయ్యిలో పెడుతుంది."

కోరయ్య నవ్వు ఆగింది. కానీ గుంట ఆర్పలేదు.

పెంకమ్మ పంపిన కబురు మీద నల్లబండ దగ్గర సభ కూడింది. పులుల పెద్ద చారల దొర వచ్చాడు. మడుగును ఏలే ఏనుగు పెద్దమ్మ వచ్చింది. దుప్పుల పెద్ద కొమ్మయ్య వచ్చాడు. ముగ్గురిదీ ఒకటే తీరు. ఎవరికి వాళ్ళు, తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"మంచి మాటకు మించిన మంత్రం లేదు. నేను వెళ్తా," అన్నాడు కొమ్మయ్య.

వెళ్ళాడు. కోరయ్య ఎంతో మర్యాద చేశాడు. కడుపునిండా రేగుపళ్ళు పెట్టాడు. కొమ్మయ్య మాఘమాసమంతా వెళ్తూ వస్తూ ఉన్నాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ "మాటలు చక్కగా సాగుతున్నాయి" అనేవాడు. ఆయన పళ్ళు తింటుంటే గుట్ట వెనక పందులు గుంట లోతు చేసుకున్నాయి. ఆర్పకపోతే ఏమవుతుందో కొమ్మయ్య చెప్పలేదు. ఆర్పితే ఏమిస్తారో కూడా చెప్పలేదు.

"నీ రేగుపళ్ళ రాయబారం చాలు. ఇక నేను చూసుకుంటా," అంది ఏనుగు పెద్దమ్మ.

మడుగులోంచి పందుల గుట్టకు ఒక కాలువ పారుతుంది. ఏనుగులు మూడు మద్ది దుంగలు ఈడ్చుకొచ్చి కాలువకు అడ్డంగా పడేశాయి. సందుల్లో బురద మెత్తాయి. ఫాల్గుణం ఎండలకు వారం తిరక్కుండా కాలువ పగుళ్ళు బారింది. దుంగలు ఎప్పుడు తీస్తారో చెప్పలేదు. ఏం చేస్తే తీస్తారో అదీ చెప్పలేదు.

గుట్ట వెనక కోరయ్యకు సొంత చెలమ ఉంది, ఒక్కడి దాహానికి చాలేంత. అది ఎండలేదు. ఎండింది ఎవరి గొంతు? పిల్లల గొంతు.

కోరయ్య పందులన్నిటినీ పోగుచేశాడు. "నీళ్ళాపింది నేనా, వాళ్ళా?" అని అడిగాడు. "వాళ్ళే," అన్నాయి పందులు. మొన్నటిదాకా నిప్పు మనకెందుకని గొణిగిన ముసలి పందులు కూడా ఎండుబెరడు మోసుకొచ్చాయి. ఒక్క గుంట మూడు గుంటలయింది.

ఇక చారల దొర వంతు. మూడు సాయంత్రాలు గుట్టకు ఎదురుగా, ఎండలకు ఇసుకే మిగిలిన ఏటి ఒడ్డుకు వచ్చి గర్జించాడు. "ఆర్పకపోతే దాటి వస్తా. ఒక్క పందిని మిగల్చను."

ఆ గర్జనకు గుంటలు ఆరాయా? లేదు. పందులు గుంటల చుట్టూ పడుకోవడం మొదలుపెట్టాయి. ఆ నెల పున్నమికి పెంకమ్మ పెట్టిన ఆకు రెండో ఊపిరికే మండింది.

తిరిగి వస్తుంటే దారిలో తుంగమ్మ కనిపించింది. తుంగమ్మ కోరయ్య కోడలు. తుంగగడ్డలు తవ్వేటప్పుడు పుట్ట కనబడితే ముట్టుకోకుండా పెంకమ్మకు కబురు చేసేది. అంత స్నేహం. ఆమెకు ఐదు పిల్లలు. ఆ రోజు ఆమె వెనక రెండే ఉన్నాయి.

పెంకమ్మ అటూ ఇటూ చూసింది. "మిగతా మూడూ ఏవమ్మా?"

తుంగమ్మ ఎండిన కాలువ వైపు మూతి చూపించింది.

"మీ పరీక్ష మా మామకు కదా పెట్టారు," అంది. "తప్పింది నా పిల్లలెందుకక్కా?"

 పెంకమ్మ అక్కణ్ణుంచి ఇంటికి వెళ్ళలేదు. నేరుగా సభ కూడిన నల్లబండ ఎక్కింది. పుట్టి బుద్ధెరిగాక అంతమంది ముందు నోరు విప్పడం అదే మొదటిసారి.

"అయ్యలారా, అమ్మలారా. మాట ఒక్కటే వెళ్తే రేగుపళ్ళు తిని వచ్చింది. దుంగ ఒక్కటే వెళ్తే పసిపిల్లల్ని మింగింది. గర్జన ఒక్కటే వెళ్తే గుంటల చుట్టూ కాపలా పెరిగింది. మీరు ముగ్గురూ మూడు తాళ్ళు పట్టుకుని మూడు వైపులకు లాగుతున్నారు. ఒక్క తాడుగా పేనండి."

"అదెలాగో చెప్పు," అంది పెద్దమ్మ.

"గుంటలు మూడు. దుంగలు మూడు. కోరయ్య ఒక గుంట పూడ్చాలి. నేను ఆకు పెడతా. ఆకు అంటుకోకపోతే మీరు ఒక దుంగ తీయాలి. అలా మూడుసార్లు."

"మరి నేను?" అన్నాడు చారల దొర. "చోద్యం చూడాలా?"

"ఏటి ఒడ్డున కూర్చోండి దొరా. వాళ్ళకు కనబడేలా. గర్జించకండి. దాటకండి. ఎవరైనా మోసం చేస్తే దాటగలరని తెలిస్తే చాలు. మూడో గుంట పూడ్చిన రోజు మీ గుహలో కూడా ఒక ఆకు పెట్టనివ్వండి."

"చూద్దాం," అన్నాడు దొర.

పెంకమ్మ గుట్టకు వెళ్ళి ఇదే చెప్పింది. కోరయ్య ఏటి అవతల కూర్చున్న పులిని చూశాడు. తుంగమ్మ పిల్లల్ని చూశాడు.

"నిజం చెబుతా అక్కా. ఆ పులి అక్కడ కూర్చోకపోతే నీ మాట వినేవాణ్ణి కాదు. అది దాటి వస్తే నీ మాట వినడానికి నేనుండను. పూడుస్తా. ఎవరి హామీ?"

"నాది. నా పొలుసుల మీద ఒట్టు," అంది పెంకమ్మ.

చైత్ర పున్నమికి మొదటి గుంట పూడింది. పెంకమ్మ ఆకు పెట్టింది. పది ఊపిర్లు. ఆకు ముడుచుకుందే కానీ మండలేదు. ఏనుగులు మొదటి దుంగ లాగేశాయి. కాలువలో వేలెడు నీటిధార కదిలింది. తుంగమ్మ పిల్లలు రెండూ మూతులు బురదలో పెట్టి తాగాయి. వాటిని చూస్తూ కోరయ్య, "వచ్చే పున్నమికి రెండోది," అన్నాడు. తనంతట తానే అన్నాడు.

వైశాఖ పున్నమికి రెండో గుంట పూడింది. ఆకు మండలేదు. పెంకమ్మ ఆ ఆకును పొలుసుల మధ్య దాచుకుని నల్లబండ దగ్గరకు పరుగెత్తింది. అలుగు పరుగెత్తడం ఆ అడవి ఎప్పుడూ చూడలేదు.

"పూడింది. ఇదిగో ఆకు. రెండో దుంగ తీయండి."

ఏనుగు పెద్దమ్మ ఆకును తొండంతో అటూ ఇటూ తిప్పింది. "పెంకమ్మా, నువ్వు చాలా మంచిదానివి. కానీ కాస్త ఆలోచించు. గుంటలు పూడుస్తున్నాడంటే ఏమిటర్థం? లొంగుతున్నాడు. ఇంకో నెల బిగిస్తే మూడోది ఊరికే పూడుస్తాడు. ఊరికే వచ్చేదానికి దుంగ ఎందుకు తీయాలి?"

"అనుకున్న మాట అది కాదు కదమ్మా."

"నాకూ కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది," అన్నాడు చారల దొర. "పులినా, గట్టు మీద బొమ్మనా? నా గుహలో ఆకు పెడతానందిట ఈవిడ. విన్నారా?"

కొందరు కిసుక్కుమన్నారు. పెంకమ్మ కొమ్మయ్య వైపు చూసింది. కొమ్మయ్య కొమ్ములు బండకు రుద్దుకుంటూ, "పెద్దలు అన్నాక కాదనడం బాగోదు," అన్నాడు.

"నేను మాటిచ్చాను," అంది పెంకమ్మ. 

"మాట నీది. దుంగ నాది," అంది పెద్దమ్మ.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ రోజు సభలో కుందేళ్ళున్నాయి, ఉడుములున్నాయి, నెమళ్ళున్నాయి. అవన్నీ పెంకమ్మ వైపే చూశాయి. ఆమె ఒక్క మాట గట్టిగా అంటే వెనక నిలబడదామని చూశాయి. చెప్పాల్సింది ఆమె గొంతుదాకా వచ్చింది. అప్పుడే చారల దొర ఒక్క అడుగు ముందుకు వేశాడు.

పెంకమ్మ ముడుచుకుంది.

తల కడుపులో దూర్చింది. తోక పైన కప్పుకుంది. బంతిలా అయిపోయింది. సభ దాన్ని ఒప్పుకోలు అనుకుంది. పెంకమ్మ మళ్ళీ విప్పుకునేసరికి బండ ఖాళీగా ఉంది. తునికాకు కింద పడి ఉంది. ఎవరో తొక్కారు.

మరునాడు వట్టి చేతులతో గుట్టకు వెళ్ళింది. కోరయ్య అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. అంతేనా అక్కా?"

"ఇంకొక్కసారి అడుగుతాను కోరయ్యా. నాకు కొంచెం గడువివ్వు."

"అడుగుతావా, ముడుచుకుంటావా? నిన్న బండ మీద నువ్వు బంతి అయ్యావని నెమలి చెప్పిపోయిందిలే." కోరయ్య నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "నేను వాళ్ళను నమ్మలేదు. ఏనాడూ నమ్మలేదు. నిన్ను నమ్మాను. పో అక్కా. ఇక ఆకులు తేకు."

ఆ సాయంత్రానికి పూడ్చిన రెండు గుంటలూ మళ్ళీ తెరుచుకున్నాయి. ఈసారి పందులు బెరడు మోసుకురాలేదు. పరుగెత్తుకుంటూ తెచ్చాయి.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. గుట్ట మీద మూడు పొగలు లేచాయి. చారల దొర వాటిని చూసి లేచి నిలబడ్డాడు. "చూశారా, నేను ముందే చెప్పాను," అన్నాడు. తప్పు రుజువైనవాడికంటే తన మాట నిజమైందనుకున్నవాడు ప్రమాదం. మిట్టమధ్యాహ్నం పులులు ఏరు దాటాయి.

గుంటల చుట్టూ పోట్లాట జరిగింది. పులి పంజా తగిలిందో, పంది కోర తగిలిందో ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. కణికలు ఎగిరి ఎండుటాకుల మీద పడ్డాయి. అప్పుడే గాలి లేచింది.

పెంకమ్మ తన బొరియ నోట్లో నిలబడి ఉంది. పొగలోంచి తుంగమ్మ దూసుకొచ్చింది. ఒక పిల్లను మూతితో బొరియలోకి నెట్టింది.

"అక్కా, దీన్ని కప్పు. రెండోది వెనకబడింది. తీసుకొస్తా."

"వెళ్ళకే, తుంగా."

తుంగమ్మ అప్పటికే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

పెంకమ్మ పిల్లను కడుపుకు ఆనించుకుని, దాని చుట్టూ ముడుచుకుంది. పైన మంట నడిచివెళ్ళింది. పొలుసులు చిటపటమన్నాయి. కాసేపటికి కొండ అవతల నుంచి పెద్ద చప్పుడొచ్చింది. గాలి పులుల గుహను చేరింది. ఎవరూ ఆకు పెట్టి చూడని నిప్పు, ఏళ్ళ తరబడి దాచిన నిప్పు, ఒక్కసారిగా లేచింది. పందుల గుంటలు గుట్టను కాల్చాయి. పులుల గుహ అడవిని కాల్చింది.

మూడో రోజుకు పెంకమ్మ పిల్లతో బయటికి వచ్చింది. చెట్లు లేవు. నల్లటి మోళ్ళున్నాయి. పిట్ట కూత లేదు. కొమ్మయ్య పరుగెత్తిన దారిలో కొమ్ములు మాత్రం కనిపించాయి. ఏటి గట్టున ఒక పులి, ఒక పంది పక్కపక్కనే పడి ఉన్నాయి. బూడిదలో చారలేవో కోరలేవో తెలియలేదు.

ఏనుగు పెద్దమ్మ ఒక్కతే మడుగులో మోకాలిలోతు బురదలో నిలబడి ఉంది. చెవులు కాలిపోయాయి.

"నేను తీద్దామనే అనుకున్నా పెంకమ్మా," అంది. "మూడో గుంట అయ్యాక."

 పెంకమ్మ కాలువ వైపు చూసింది. రెండు దుంగలూ కాలి బొగ్గయ్యాయి. మడుగులో మిగిలిన నీళ్ళు వాటంతటవే దారి చేసుకుని పందుల గుట్టకు పారుతున్నాయి. తాగడానికి అక్కడ ఎవరూ లేరు.

పిల్ల ఆ చప్పుడు విని చెవులు నిక్కించి పెంకమ్మ వైపు తిరిగింది. "నీళ్ళు వదిలారా? అమ్మకు చెబుదామా?"

 ఆ మాటకు పెంకమ్మకు ముడుచుకోవాలనిపించింది. ముడుచుకోలేదు.

కాలి గాయాలతో ఒక కుందేలు, ఒక ముసలి ఉడుము దగ్గరకు వచ్చాయి. "పెంకమ్మా, ఈ బూడిద కింద ఇంకా నిప్పుందో లేదో తెలియడం లేదు," అంది ఉడుము. "ఎక్కడ అడుగెయ్యాలన్నా భయమేస్తోంది. ఒకసారి ఆకు పెట్టి చూడు."

పెంకమ్మ ఆకు కోసం వెతికింది. పొద్దు వాలేదాకా వెతికింది.

ఆ అడవిలో ఒక్క ఆకు కూడా లేదు.

పిల్లలూ, ఇక చేతులు దించండి. లాగుతున్నాయి కదూ. ఒంటి చెయ్యి ఎంతసేపు నిలుస్తుంది? మీలో మాటకు చెయ్యెత్తినవాళ్ళు తప్పు కాదు. అడ్డుకట్టకు ఎత్తినవాళ్ళూ తప్పు కాదు. కర్రకు ఎత్తినవాళ్ళూ పూర్తిగా తప్పు కాదు. పక్కవాడి చెయ్యి దించాలని చూసినవాళ్ళదే తప్పు. ఇప్పుడు మీతో నాకొక పని ఉంది. ఈ లోకంలోనూ గుహల్లో నిప్పు దాచుకున్న పెద్దలున్నారు, గుంటలు తవ్వుతున్న చిన్నలున్నారు. ఒప్పందం కుదిరింది అని మీరు విన్న రోజున చప్పట్లు కొట్టి నిద్రపోకండి. దుంగ తీశారా అని అడగండి. పెద్ద గుహలో ఆకు పెట్టారా అని అడగండి. బడిలో అడగండి, ఇంట్లో అడగండి, ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి అడగండి. అందరూ మీ వైపే చూస్తున్నప్పుడు మాత్రం ముడుచుకోకండి.

నీతి: మాట, అడ్డుకట్ట, బెదిరింపు మూడూ ఒకే తాడుగా పేనితేనే నిప్పు ఆరుతుంది, ఇచ్చిన మాట తప్పితే ఆ తాడే వత్తి అవుతుంది. ఆ వత్తి అంటుకోకముందే లేచి అడగండి.